నలుగురి మాట: మూడు నైజీరియా నవలల్లో లోకాభిప్రాయం - ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

లోకం అనే మాటను గురించి తెలుగులో పరస్పర విరుద్ధమైన రెండు నానుడులున్నాయి. 'లోకులు పలుగాకులు' అన్నది ఒకటి, 'నలుగురితో నారాయణ' అన్నది మరొకటి. మొదటిది లోకం మాటను కొట్టిపారేయమంటుంది. రెండోది దానితో కలిసి నడవమంటుంది. నవలా విమర్శలో మనం ఎక్కువగా మొదటి దృష్టినే అనుసరించాం. ఇరుగుపొరుగు మాటలను, అమ్మలక్కల ముచ్చట్లను, పెళ్ళిళ్ళ గురించీ రోగాల గురించీ ప్రభుత్వాల గురించీ జనం చెప్పే అభిప్రాయాలను కథకు నేపథ్యంగా, వాతావరణ కల్పనగా మాత్రమే లెక్కించాం. ఆ మాటలే కథను నడిపే సందర్భాల్లో ఈ దృష్టి చాలదు.

నైజీరియా నవల ఈ విషయాన్ని పరిశీలించడానికి అనువైన క్షేత్రం. ఫ్లోరా న్వాపా 'ఎఫురు' (1966), బుచి ఎమెచెటా 'ది జాయ్స్ ఆఫ్ మదర్‌హుడ్' (1979), అయొబామి అదెబాయొ 'స్టే విత్ మి' (2017) అనే మూడు నవలలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మొదటి రెండూ ఇగ్బో సమాజానికి, మూడోది యొరుబా సమాజానికి చెందినవి. మూడింటి ఇతివృత్తం ఒక్కటే: సంతానం లేని, లేదా పుట్టిన సంతానం దక్కని స్త్రీ. ఆమె శరీరాన్ని గురించి లోకం ఒక తీర్పు చెబుతుంది. ఆ తీర్పు ఎక్కడ తయారవుతుంది, ఎందుకు తప్పుతుంది, అందులో నిజమెంత అన్నవి ఈ వ్యాసం ఎత్తుకున్న ప్రశ్నలు.

'ఎఫురు': పేరులేని గొంతులు

'ఎఫురు' నవలలో వర్ణన తక్కువ, సంభాషణ ఎక్కువ. తొలినాటి సమీక్షకుల్లో కొందరికి ఇది లోపంగానే కనిపించింది. కన్యాశుల్కం చెల్లించకుండానే ఎఫురు అదిజువాతో వెళ్ళిపోవడంతో కథ మొదలవుతుంది. ఆ క్షణం నుంచి ఊరు మాట్లాడుతూనే ఉంటుంది. ఆమె అందం, వ్యాపారంలో ఆమె చేతి చలువ, పొలానికి వెళ్ళకపోవడం, కడుపు పండకపోవడం - అన్నింటి మీదా ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. మాట్లాడేవారి పేర్లు చాలాచోట్ల ఉండవు. పేరు లేకపోవడంలోనే శిల్పరహస్యం ఉంది. పేరున్న మనిషి మాటకు బదులు చెప్పవచ్చు. పేరులేని మాటకు బదులు ఎవరికి చెప్పాలి?

అయితే న్వాపా ఊరిని ఏకశిలగా చూపలేదు. ఎఫురు మీద చెడ్డమాటలు మోసుకువచ్చే ఒమిరిమా ఉన్న ఊళ్ళోనే, మొదటి అత్తగారి చెల్లెలైన అజనుపు కూడా ఉంది. మందూ మాకూ తెలిసిన, నోరున్న మనిషి ఆమె. ఎఫురు జబ్బు పడినప్పుడు, వ్యభిచారం చేసినందువల్లనే ఆ జబ్బు వచ్చిందనే మాట పుడుతుంది. రెండో భర్త గిల్బర్ట్ దాన్ని నమ్ముతాడు. అజనుపు మాత్రం నమ్మదు. మాటతో ఆగక రోకలితో అతని తల మీద కొట్టి మరీ తన అభిప్రాయం తెలియజేస్తుంది. రోగానికి కారణం చెప్పే అధికారం ఎవరిదన్నదే ఇక్కడి అసలు తగాదా. ఎఫురు దేవత ఎదుట ప్రమాణం చేసి తన నిర్దోషిత్వాన్ని నిరూపించుకుంటుంది. వైద్యుడు ఆమె జబ్బు నయం చేస్తాడు. అయినా ఆమె ఆ ఇంట్లో ఉండదు. అపవాదు తొలగినంత మాత్రాన నమ్మకం తిరిగి రాదని ఆమెకు తెలుసు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. భార్య శీలాన్ని శంకించిన గిల్బర్ట్‌కు మరో స్త్రీవల్ల కలిగిన కొడుకున్నాడు. జైలుకు వెళ్ళిన సంగతి కూడా అతను దాచాడు. ఊరికి ఎఫురు గురించి అన్నీ తెలుసు, గిల్బర్ట్ గురించి తెలియవలసినవి తెలియవు. స్త్రీ జీవితం వీధిలో ఉంది, పురుషుడి జీవితం చాటున ఉంది. లోకాభిప్రాయం ఈ అసమాన సమాచారం మీద నిలబడుతుంది.

'ది జాయ్స్ ఆఫ్ మదర్‌హుడ్': లోపలికి చేరిన లోకం

'ఎఫురు' చివర వేసిన ప్రశ్నలోని పదబంధమే ఎమెచెటా నవలకు శీర్షిక అయింది. అంటే రెండో నవల మొదటిదానికి సమాధానంగా పుట్టింది. అయితే కథనరీతి మారింది. న్వాపాలో లోకం బయట ఉంది, ఎమెచెటాలో నాయిక మనసులోకి వచ్చి చేరింది.

న్ను ఎగోకు మొదటి కాపురంలో బిడ్డలు పుట్టరు. రెండో భార్యకు బిడ్డ కలగడంతో న్ను ఎగో గొడ్రాలన్న తీర్పు ఖాయమవుతుంది. కానీ లాగోస్‌లో న్నైఫెతో రెండో కాపురంలో ఆమెకు అనేకమంది పిల్లలు పుడతారు. తొలి తీర్పు తప్పని కథే నిరూపిస్తుంది; ఆ తీర్పు ఆమె మనసులో చేసిన గాయం మాత్రం మానదు. లాగోస్‌లో పుట్టిన తొలి బిడ్డ నాలుగు వారాలకే చనిపోతే ఆమె కార్టర్ వంతెన మీది నుంచి దూకబోతుంది. జనం పోగవుతారు, ఆపుతారు, తిడతారు. బిడ్డ పోయిందని తెలియగానే వారి స్వరం మారిపోతుంది. బిడ్డ లేని ఆడదానిది వ్యర్థమైన బ్రతుకేనని అందరూ అంగీకరిస్తారు.

ఈ ఘట్టమే నవలకు గుండెకాయ. జనం ఆమె ప్రాణం కాపాడారు, ఆమెను చావుకు తరిమిన భావాన్ని కూడా కాపాడారు. వారిలో క్రూరత్వం లేదు, ఉన్నది జాలి. జాలి రూపంలో వచ్చిన అభిప్రాయాన్ని ఎదిరించడం కష్టం. 'ఎఫురు'లో చెడ్డమాట చెప్పిన మనిషిని రోకలితో కొట్టగలిగారు. ఓదార్చే గుంపును ఏ రోకలితో కొడతారు?

నవల ముగింపులో ఎమెచెటా లోకాభిప్రాయానికి చివరి మాట ఇచ్చినట్టే ఇచ్చి తీసేసుకుంటుంది. అంతమంది పిల్లల తల్లి దారి పక్కన ఒంటరిగా మరణిస్తుంది. కొడుకు ఘనంగా ఉత్తరక్రియలు జరిపిస్తాడు. సంతానం కోరే స్త్రీలు మొక్కుకోవడానికి ఆమె పేర గుడి కడతారు. ఆమె మాత్రం ఎవరి మొక్కూ చెల్లనివ్వదు. చచ్చిపోయాక ఇంత కఠినురాలైందేమని లోకం ఆశ్చర్యపోతుంది. బ్రతికున్నంతకాలం లోకం గొంతుతోనే ఆలోచించిన న్ను ఎగో, తన సొంత అభిప్రాయాన్ని చెప్పింది మరణించిన తరువాతే. ఎమెచెటాలో ఒక లోపం ఉంది. గుంపు భావాలను పాత్రల నోట పలికించి ఊరుకోక రచయిత్రి తానే వివరిస్తుంది, దానివల్ల కొన్ని ఘట్టాల్లో ధ్వని తగ్గుతుంది. ముగింపులో మాత్రం ఆ వివరణ లేదు. అందుకే అది బలంగా నిలిచింది.

'స్టే విత్ మి': కబురు, రోగం, రాజకీయం

అదెబాయొ నవలలో లోకాభిప్రాయం రాయబారమై నేరుగా ఇంట్లోకి వస్తుంది. పెద్దలు యెజిదె ఇంటికి వస్తారు, వారి వెంట ఒక యువతి ఉంటుంది. ఆ యువతి ఫున్మి, తన భర్త అకిన్‌కు రెండో భార్య అన్న సంగతి యెజిదెకు అప్పుడు తెలుస్తుంది. పిల్లలు లేకపోవడానికి కారణం యెజిదె అని అందరికీ 'తెలుసు'. ఆ ఒత్తిడిలో చదువుకున్న స్త్రీ అయిన యెజిదె ప్రార్థనల కొండ ఎక్కి మేకకు పాలివ్వడానికి కూడా సిద్ధపడుతుంది. కడుపులో బిడ్డ ఉందని నమ్ముతుంది. స్కానింగ్‌లో బిడ్డ కనిపించకపోయినా నమ్మకం వదలదు.

అసలు లోపం అకిన్‌ది. అతను దాన్ని దాచాడు. లోకం చెప్పే తప్పుడు నిర్ధారణ అతనికి కవచమైంది. ఒక్క అబద్ధం కూడా కొత్తగా చెప్పనవసరం లేదు. ఊరుకుంటే చాలు, మిగతా పని బంధువులు చేస్తారు. 'ఎఫురు'లో మనం గమనించిన అసమాన సమాచారం ఇక్కడ కథాసంవిధానానికి మూలసూత్రమైంది. అధ్యాయాలు భార్యాభర్తల కంఠాల్లో మార్చి మార్చి నడవడంవల్ల లోకానికి తెలియనిది పాఠకుడికి క్రమంగా తెలుస్తుంది. పాఠకుడు కూడా మొదట లోకంతో పాటే పొరబడతాడు. ఈ నవల సాధించిన విజయం ఇదేనని చెప్పాలి.

తరువాత పిల్లలు పుడతారు, పోతారు. రోగం సికిల్ సెల్ రక్తహీనత. ఇక్కడ లోకాభిప్రాయాన్ని మూఢనమ్మకమని తోసిపుచ్చడం సాధ్యం కాదు. మళ్ళీ మళ్ళీ పుట్టి చనిపోతూ తల్లిని ఏడిపించే బిడ్డను యొరుబాలు 'అబికు' అంటారు, ఇగ్బోలు 'ఒగ్బాంజె' అంటారు. చినువా అచెబె 'థింగ్స్ ఫాల్ అపార్ట్' (1958)లో ఎజిన్మా అలాంటి బిడ్డే. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు వ్యాధి సంభావ్యత ఉంటుంది. ఒకే ఇంట్లో ఒకరి తరువాత ఒకరు రాలిపోవడానికీ, మధ్యలో ఒకరు ఆరోగ్యంగా నిలవడానికీ ఈ లెక్క సరిపోతుంది. స్టూవర్ట్ ఎడెల్‌స్టైన్ 1986లో ప్రచురించిన గ్రంథంలో ఈ నమ్మకానికీ ఈ వ్యాధికీ ఉన్న సంబంధాన్ని చర్చించాడు. వాహకులకు మలేరియా నుంచి కొంత రక్షణ లభిస్తుందని ఆంథొని ఆలిసన్ 1954లో నిరూపించాడు. మలేరియా పీడించే పశ్చిమాఫ్రికాలో ఈ జన్యువు ఎందుకు నిలిచిందో దానివల్ల తెలిసింది. అంటే 'అబికు' అన్న మాట కారణాన్ని తప్పు చెప్పినా, అనుభవాన్ని సరిగ్గా పట్టుకుంది. శిశుమరణాలు ఒక కుటుంబాన్ని వరుసగా వెంటాడతాయని లోకం ముందే గమనించింది.

ఈ నవల శీర్షిక కూడా అలాంటి పేరే. 'రొతిమి' అంటే 'నాతో ఉండిపో' అని అర్థం. మలొమొ (ఇక పోవద్దు), దురొజయ్యె (ఉండి జీవితాన్ని అనుభవించు) అనేవి ఈ కోవలోని మరికొన్ని యొరుబా పేర్లు. తెలుగువారికి ఈ భావం కొత్త కాదు. పిల్లలు దక్కని ఇళ్ళలో పుట్టిన బిడ్డకు పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య వంటి పేర్లు పెట్టడం మన ఆచారం. ఇక్కడ ఒక భేదం గమనించదగింది. మన పేరు బిడ్డను మృత్యువు కంటికి పనికిరానిదిగా చూపి దాచిపెడుతుంది. యొరుబా పేరు బిడ్డనే నేరుగా బతిమాలుతుంది. మన ఆచారంలో మాట మృత్యువుతో, వారి ఆచారంలో మాట బిడ్డతో. అందువల్లనే ఆ పేరు నవలకు శీర్షిక కాగలిగింది. అది ఒక సంబోధన, అందులోనే కథ ఉంది. భార్య భర్తతో, భర్త భార్యతో అనలేకపోయిన మాట కూడా అదే.

వర్తమాన రాజకీయం ఈ నవలలోకి వచ్చే తీరు కూడా పరిశీలించదగింది. 1985 ఆగస్టు 27న బాబంగిడా సైనిక కుట్రతో అధికారానికి వచ్చాడు. 1993 జూన్ 12న జరిగిన అధ్యక్ష ఎన్నికను అతని ప్రభుత్వమే రద్దు చేసింది. ఈ సంఘటనలు నవలలో చరిత్ర పాఠాలుగా రావు. యెజిదె నడిపే కేశాలంకరణ దుకాణంలో, ఇళ్ళ వసారాల్లో, రేడియో చుట్టూ చేరిన ముచ్చట్లలో వస్తాయి. దోచుకోబోతున్నామని దొంగలు ముందే ఉత్తరాలు రాసి పంపే కాలం అది. ఎన్నికల రద్దుపై అల్లర్లు చెలరేగిన రోజుల్లోనే రొతిమి రోగం ముదురుతుంది. ఓటును లెక్కచేయని రాజ్యం, బిడ్డను బతికించలేని తల్లిదండ్రులు పక్కపక్కనే కనిపిస్తారు. రచయిత్రి ఈ రెంటికీ పోలిక చెప్పదు. అది ఔచిత్యం.

ఈ నవలకూ పరిమితి ఉంది. రెండో భార్య ఫున్మికి కంఠం లేదు. అకిన్ రహస్యానికి దగ్గరగా వచ్చిన మనిషి ఆమె. కథనం ఆమెను మెట్ల మీది నుంచి పడి చనిపోయే పాత్రగా మిగిల్చింది. పెద్ద భార్యకు లోకం చేసిన అన్యాయాన్ని చూపిన నవల, చిన్న భార్య విషయంలో లోకం చూపుతోనే ఆగిపోయింది. న్వాపా ఊరంతటికీ గొంతునిచ్చింది. అదెబాయొ ఇద్దరికే ఇచ్చింది. యాభై ఏళ్ళలో శిల్పం సాధించిన ఏకాగ్రతకు ఇది చెల్లించిన మూల్యం.

ఉపసంహారం

ఈ మూడు నవలలను వరుసగా చదివినప్పుడు లోకాభిప్రాయం ప్రయాణించిన దారి స్పష్టమవుతుంది: వీధి నుంచి మనసులోకి, మనసు నుంచి పడకగది మౌనంలోకి. మూడింటిలోనూ అభిప్రాయం తప్పడానికి కారణం జనం అజ్ఞానం ఒక్కటే కాదు. తెలిసినవాడు చెప్పకపోవడం అంతకన్నా పెద్ద కారణం. జనం ఉన్న సమాచారంతోనే తీర్పు చెబుతారు. సమాచారాన్ని ఎవరు ఆపారన్నది విమర్శకుడు అడగవలసిన ప్రశ్న.

నేటి నైజీరియాలో పెళ్ళి మాటలప్పుడు అబ్బాయిదీ అమ్మాయిదీ రక్తం ఎఎనా, ఎఎస్సా, ఎస్ఎస్సా అని అడగడం సాధారణమైంది. అనేక చర్చిలు వివాహానికి ముందే పరీక్ష పత్రం చూపమంటున్నాయి. 'అబికు' అన్నచోట రక్తపరీక్ష వచ్చింది. మాట మారింది, అడిగేది మాత్రం నలుగురే. మన దేశంలోనూ ఈ వ్యాధి ఆదివాసీ ప్రాంతాల్లో ఎక్కువగా ఉంది. 2023లో దీని నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలైంది. ఆ పరీక్ష ఫలితం ఇద్దరి బాధ్యతగా నిలుస్తుందా, లేక మళ్ళీ ఆడపిల్ల ఒక్కదాని మీది మచ్చగా మారుతుందా అన్నది నలుగురి మాట మీదే ఆధారపడుతుంది. వైద్యం రక్తంలో ఏముందో చెప్పగలదు. ఆ సంగతిని లోకం ఎవరి తప్పుగా చెప్పుకుంటుందో తెలుసుకోవడానికి నవలే ఆధారం. ఈ కారణంవల్ల తెలుగు నవలల్లోని ఇరుగుపొరుగు మాటలను కూడా నేపథ్యంగా కాక కథనశక్తిగా పరిశీలించవలసిన అవసరం ఉంది. లోకులు పలుగాకులే కావచ్చు. కాకి అరిస్తే ఎవరో వస్తున్నారని కూడా మనవాళ్ళే నమ్మారు.