పిడికెడు బొజ్జ

శ్రావణం సగం దాటిందంటే చాలు, కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో మట్టి గణపతుల మాట మొదలవుతుంది. ఉచిత శిక్షణ, అందరూ ఆహ్వానితులే అని ఓ రంగుల పోస్టరు పెడతారు. ఎవరొస్తారో చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదు. అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో పెడితే అపార్ట్‌మెంట్ పిల్లలే వస్తారు. వాచ్‌మన్ పిల్లలు గేటు దగ్గరే ఆడుకుంటూ ఉంటారు గానీ లోపలికి రారు. వాళ్లని ఎవరూ ఆపరు, అలాగని రమ్మనీ అనరు. అందుకే మేం సర్కారు బడి వరండా అడిగి తీసుకున్నాం. టైము మధ్యాహ్నం రెండింటికి పెట్టాం. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకి పొద్దుటి పనికీ సాయంత్రం పనికీ మధ్య కాస్త ఊపిరి సలిపేది అప్పుడే. ఆదివారమైనా వాళ్లకి సెలవుండదు.

చాపలతో పాటు బెంచీలూ వేస్తాం. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలకి కింద కూర్చోవాలంటే భయం. పక్షవాతం వచ్చి ఒక చెయ్యే పనిచేసే ఓ పెద్దాయనకి పలక కింద తడిగుడ్డ పరిస్తే చాలు, అది జారకుండా ఉంటుంది. ఇక గణపతినే చెయ్యాలని పట్టు పట్టం. ఏనుగు చేసినా, ఎద్దు చేసినా, ప్రమిద చేసినా మట్టి ఒకటే. అలా అన్నాకే పక్క వీధి ముస్లింల పిల్లలు కూడా వచ్చి ఏనుగులు చేశారు. బహుమతులు మాత్రం పెట్టం. పెడితే మంచి డ్రాయింగ్ మాస్టారున్న పిల్లలకే పోతాయి.

నేర్పేది పక్క ఊరి కుమ్మరి తాత. చెరువు మట్టిలో రాళ్లూ వేళ్లూ ఏరి, రాత్రంతా నానబెట్టి, కాళ్లతో తొక్కి తెస్తాడు. ఉత్త నల్లరేగడైతే ఆరేటప్పుడు కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది, అందుకని కాస్త ఇసుక కలుపుతాడు. ఓ ఏడు చూపులేని పాప ఒకతి వచ్చింది. "ఇదిగో, ఇట్లా చూసి చెయ్యండి" అనడం తాతకి అలవాటు. ఆ పాపని చూసి ఓ క్షణం ఆగాడు. "పిడికిలి ముయ్యి బిడ్డా. అంత ముద్ద తీస్కో. అదే బొజ్జ. తల నిమ్మకాయంత. తొండం నీ చిటికెన వేలంత." తొండాన్ని గాలిలో వదిలేస్తే ఊడిపోతుంది, బొజ్జకి ఆనించాలి. అతికే చోట చీపురుపుల్లతో గీతలు గీసి, పలచటి మట్టినీళ్లు రాసి నొక్కాలి. పాప ఆ గీతల్ని వేలికొసతో తడిమి చూసుకుని మరీ అతికించింది. వెనక వరసలో తాత చేతులు కనబడక దిక్కులు చూస్తున్నవాళ్లకీ అప్పుడే పని అర్థమైంది. అప్పట్నుంచీ ఆయన అందరికీ పిడికిలి లెక్కే చెబుతున్నాడు.

బొమ్మ కళ్లకి గురివింద గింజలు ఎంతో బాగుంటాయి గానీ అవి విషం. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న చోట మిరియాలే మేలు. చేసిన బొమ్మని నీడలోనే ఆరనివ్వాలి.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో మార్గదర్శకాలు సవరించింది. మట్టి గణపతి నేర్పే కుమ్మరి కోసం వెతికేవాళ్లు ఇప్పుడు చాలామందే. పిలిచినవాళ్లు డబ్బులు మాత్రం ఇవ్వరు. ఓ శాలువా కప్పి, ఫొటో తీసి, పబ్లిసిటీ వస్తుంది కదా తాతా అంటారు. ఏడాదికోసారి ఆయన నాలుగు బొమ్మలు అమ్ముకునే రోజులే అవి. మన పిల్లలకి ఉచితమైతే సంతోషమే, కానీ ఆ ఉచితం తాత జేబులోంచి రావడమేం న్యాయం?

మా దగ్గర చవితి చందా పుస్తకంలో మొదటి పద్దులు మూడే: మట్టి, ఆటో కిరాయి, తాతకి రోజు కూలీ. మండపం లైటింగ్‌కి పోగా మిగిలింది ఇద్దామని కమిటీలో ఎవరో ఒకరు ఏటా అంటారు. లైటింగ్‌కి పోగా మిగిలిన ఏడాది నాకు తెలిసి లేదు.