దైవావేశము, దిద్దుబాటు: గీతరచయితలతో పాల్ జోలో సంభాషణలపై ఒక పరిశీలన

సంఘములో క్రొత్త పాట వ్రాసిన సహోదరుని, "ఈ చరణము ఒకసారి సరిచూద్దామా?" అని అడగడం సేవకులకు ఇబ్బందికరమైన పని. "ఇది ప్రార్థనలో ప్రభువు ఇచ్చిన పాట అయ్యగారూ" అనే జవాబు వచ్చిన తరువాత మాట్లాడడానికి ఏమీ మిగలదు. ఇచ్చినది ప్రభువైతే దిద్దడానికి మనమెవరము? ఈ ప్రశ్నను మనస్సులో ఉంచుకొని పాల్ జోలో అమెరికాలో 1991లో ప్రచురించిన 'సాంగ్ రైటర్స్ ఆన్ సాంగ్ రైటింగ్' అనే సంభాషణల సంపుటిని, తరువాత వచ్చిన విస్తృత ముద్రణలతో కలిపి, చదవడం మేలు.

జోలో స్వయంగా పాటలు వ్రాసేవాడు. అందుచేత ఆయన ప్రశ్నలు జీవిత విశేషాల చుట్టూ కాక పని చుట్టూ తిరుగుతాయి. మాట్లాడినవారిలో అధికులు లౌకిక గీతాలు వ్రాసినవారే. అయినా వారిలో పలువురు, పాట తమలోనుండి కాక వేరొక చోటునుండి వచ్చినట్లు తోస్తుందని చెబుతారు. అంటే "నాకు ఇయ్యబడినది" అనే అనుభవము విశ్వాసులకు మాత్రమే చెందినది కాదు. పాట ఒక్క రాత్రిలో వచ్చింది, కన్నీళ్లతో వచ్చింది అనడం దానంతటదే పరిశుద్ధాత్మ ముద్ర కానేరదు.

పాల్ సైమన్ 1970లో విడుదల చేసిన 'బ్రిడ్జ్ ఓవర్ ట్రబుల్డ్ వాటర్' సంగతి చూడండి. అది తనకే ఆశ్చర్యము కలిగేంత త్వరగా వచ్చిందని ఆయన చెప్పాడు. కాని దాని మూలభావము స్వాన్ సిల్వర్టోన్స్ అనే నల్లజాతి సువార్త గాన బృందములో క్లాడ్ జీటర్ పాడిన ఒక పంక్తినుండి వచ్చినదని కూడా ఆయనే ఒప్పుకొన్నాడు. ఆ "వేరొక చోటు"కు ఒక చిరునామా ఉన్నది. అది ఆరాధనలో పాడే ప్రజల నోరు. (మన యౌవనులకు ప్రార్థనలో "ఇయ్యబడిన" రాగాలలో కొన్నిటికి కూడా చిరునామా వెదికితే దొరుకుతుంది!) మూడవ చరణమైతే ఇతరులు కోరగా స్టూడియోలో చేర్చినది. ఆ అతుకు కనబడుతూనే ఉందని సైమన్ దాచకుండా చెప్పాడు.

లెనార్డ్ కోహెన్ దారి వేరు. 1984లో వెలువడిన ఆయన 'హల్లెలూయా' వెనుక సంవత్సరాల శ్రమ, డజన్లకొద్దీ తీసివేసిన చరణాలు ఉన్నవి. ఒక చరణమును పారవేయవలెనన్నా ముందు దానిని పూర్తిగా వ్రాయవలసినదేనని జోలోతో ఆయన చెప్పిన మాట నాకు ఈ సంపుటిలో అన్నిటికంటె విలువైనదిగా తోచింది. దైవావేశమునకు శ్రమ విరోధమని మనకెవరు చెప్పారు? 119వ కీర్తన 22 హెబ్రీ అక్షరాలకు ఎనిమిదేసి వచనాల చొప్పున 176 వచనాలుగా కూర్చబడినది. ఆ కూర్పు కన్నీళ్లతో మాత్రమే వచ్చేది కాదు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలపై రాగము, తాళము అచ్చువేసి ఉండడం కూడా అటువంటి క్రమశిక్షణకు గుర్తే.

అయితే జోలో ఒక ప్రశ్న అడగడు. ఈ సంభాషణలలో చివరి తీర్పరి రచయితే. ఆయన తృప్తిపడితే పాట పూర్తి అయినట్లే. సంఘగీతమునకు ఇది చాలదు. చదువురాని అవ్వ రెండు ఆదివారాలలో కంఠస్థము చేయగలదా? త్రిత్వమును గూర్చిన మాట తప్పుగా పడిందా? వీటిని రచయిత ఒక్కడే చూడలేడు. 1 కొరింథీయులకు 14:26లో పౌలు కూడికకు తెచ్చే కీర్తనను ప్రస్తావించాడు. మూడు వచనాల తరువాత, ప్రవక్తలు పలికినది ఇతరులు వివేచించవలెనన్నాడు. ప్రవచనమే వివేచనకు లోబడితే కీర్తనకు మినహాయింపు ఎలా దొరుకుతుంది?

మన సెమినరీ విద్యార్థులు తమ ప్రాంతములోని వృద్ధ గీతరచయితల వద్ద ఫోనులో రికార్డు చేస్తూ ఒక పూట కూర్చోవచ్చు. పాట వచ్చిన రాత్రి సాక్ష్యమును వారు అడగకుండానే చెబుతారు. ఏ చరణము కొట్టివేశారు, ఎవరు చెబితే కొట్టివేశారు అన్నది మాత్రం అడిగి వ్రాసుకోవాలి.