జిగురు కంటే ముందే మొదలయ్యే పనితనం

కువైట్‌లో పాత అమెరికన్ కార్లంటే మోజు ఇంకా తగ్గలేదు. షెవర్లే కాప్రిస్ లాంటి వీ8 బళ్లు ఒకప్పుడు ఇక్కడి రోడ్లను ఏలాయి. షువైఖ్‌లో పాత కార్లకు ఒక మ్యూజియమే ఉంది. ఆ పక్కనే గ్యారేజీలు, స్పేర్ పార్టుల కొట్లు వీధులకు వీధులు. అన్నీ దొరికే ఆ బజారులో కూడా నలభై యాభై ఏళ్ల నాటి కార్బొరేటర్‌కు సరిపోయే బాడీ అడిగితే మాత్రం తల అడ్డంగా ఊపుతారు. అప్పుడే పగిలిన పాత బాడీకి ఎపాక్సీ అతుకు అవసరం పడుతుంది.

‘జిగురు పెట్టడమేగా!’ అని తేలిగ్గా తీసేసే పని కాదిది. చాలా కార్బొరేటర్లను జింకు మిశ్రమంతో పోతపోశారు. అది 380, 390 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. వెల్డింగ్ మంట తగిలితే పగులు పూడడం మాట అటుంచి, పక్కనున్న గోడ కూడా జారిపోతుంది. ఎపాక్సీకి ఆ మంటతో పనిలేదు. రెసిన్, హార్డెనర్ కలిస్తే వాటంతటవే గట్టిపడతాయి. ఇనుప పొడి కలిపిన రకం ఇంకా మేలు. ఉత్త ఎపాక్సీ వేడికి లోహం కన్నా ఎక్కువ సాగుతుంది. పొడి ఆ తేడాను తగ్గిస్తుంది.

మంచి పనివాడు ముందు రోగం తేల్చుకుంటాడు. జనరల్ మోటార్స్ కార్లలో 1965 నుంచి రెండు దశాబ్దాలకు పైగా వాడిన రోచెస్టర్ క్వాడ్రాజెట్ కార్బొరేటర్‌నే తీసుకోండి. దానిలో పెట్రోలు నిలిచే ఫ్లోట్ బౌల్ అడుగున రంధ్రాలు మూసే చిన్న ప్లగ్గులుంటాయి. కాలం గడిచేకొద్దీ వాటి అంచుల నుంచి పెట్రోలు కారుతుంది. రాత్రికి బౌల్ ఖాళీ అవుతుంది, పొద్దున సెల్ఫ్ ఎంతసేపు కొట్టినా ఇంజను అందుకోదు. కానీ కువైట్ ఎండాకాలంలో వేడికి పెట్రోలు ఆవిరైపోయినా ఇదే లక్షణం కనబడుతుంది. అందుకే తెలిసినవాడు ముందుగా ప్లగ్గులను అనుమానించడు. కార్బొరేటర్ దించి, బౌల్ నింపి, తెల్ల కాగితం మీద పెడతాడు. కాగితం తడిస్తేనే ఎపాక్సీ డబ్బా తీస్తాడు.

ఆ తర్వాతది ఓపిక పని. ఏళ్ల తరబడి పెట్రోలు పీల్చిన లోహం పైకి మెరిసినా లోపల జిడ్డుగానే ఉంటుంది. అసిటోన్‌తో కడిగి, కొద్దిగా వేడిచేసి, పైకి ఊరినదాన్ని మళ్లీ కడగాలి. ఆ పైన ముతక ఎమరీతో గరుకు చేయాలి. నున్నటి లోహానికి జిగురు పట్టదు. పగులుంటే దాని రెండు కొసల్లో సన్నటి రంధ్రాలు వేస్తారు, పగులు అక్కడితో ఆగుతుంది. దాని వెంట ‘వి’ ఆకారంలో గాడి తీస్తే ఎపాక్సీకి లోతు దొరుకుతుంది. బోల్టు బిగించే చెవి విరిగితే ఒట్టి జిగురు చాలదు. రెండు ముక్కల్లోనూ రంధ్రాలు చేసి సన్నని స్టీలు పిన్ను దూరుస్తారు. బరువు పిన్ను మోస్తుంది, ముక్కలు కదలకుండా ఎపాక్సీ పడుతుంది. అది ఆరేదాకా బాడీని చదునైన పలకకు బిగించి ఉంచుతారు. బిగించే బోల్టుకు ముందే మైనం రాస్తారు, లేకపోతే అదీ అతుక్కుపోతుంది.

కలపడంలో కువైట్ ఎండ పరీక్ష పెడుతుంది. 2016 జులై 21న ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే గట్టిపడే వేగం సుమారు రెట్టింపవుతుంది. ఎక్కువ మోతాదులో కలిపితే తన వేడికి తానే ఉడుకెత్తి, పూసేలోపే బిగుసుకుంటుంది. అందుకని ఏసీ గదిలో, గోటి మీద పట్టేంత కలిపి, రంగు ఒక్కటయ్యేదాకా తిప్పి, గాలి బుడగలు లేకుండా గాడిలోకి అదిమి పెడతారు. నెమ్మదిగా ఆరే రకానికి ఒక రోజంతా వదలాలి. తర్వాత అద్దం పలక మీద ఎమరీ పరిచి, గ్యాస్కెట్ కూర్చునే ముఖాన్ని సమం చేస్తారు. చివర మళ్లీ అదే కాగితం పరీక్ష.

నాకు ఈ పనిలో అన్నిటికన్నా గొప్పగా కనిపించేది వద్దనగల ధైర్యం. పెట్రోలును కొలిచి వదిలే జెట్‌ల దగ్గర, థ్రాటిల్ కడ్డీ తిరిగే చోట మంచి మెకానిక్ ఎపాక్సీ పెట్టడు. అక్కడ ఊడిన రేణువు పెట్రోలు దారిని మూసేస్తుంది, లేదా థ్రాటిల్‌ను పట్టేస్తుంది. అందరూ పూయగలరు, ఎక్కడ పూయకూడదో తెలిసినవాడే పనిమంతుడు.

మన ఊళ్లలో పాత అంబాసిడర్, పద్మిని కార్లను కాపాడుకుంటున్నవాళ్లకు ఒక మాట. ఇప్పుడు మన పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. కొన్ని ఎపాక్సీలు దానికి మెత్తబడతాయి. ముందు ఒక చుక్కను విడిగా ఆరబెట్టి, మీ బండిలో పోసే పెట్రోలులోనే కొన్నాళ్లు నానబెట్టి, గోరుతో గీరి చూడండి. గీత పడకపోతేనే కార్బొరేటర్ మీద చేయి వేయండి. కొత్త బాడీ దొరికితే మాత్రం కొత్తదే బిగించండి.