‘లెక్కిస్తే విచ్ఛిన్నం, కొలిస్తే అవిచ్ఛిన్నం’: ఒక సూత్రంపై విమర్శ

యాదృచ్ఛిక చలరాశుల పాఠంలో చాలామంది విద్యార్థులు కంఠస్థం చేసే వాక్యం ఇది: లెక్కపెట్టేది విచ్ఛిన్న చలరాశి, కొలిచేది అవిచ్ఛిన్న చలరాశి. రెండు మార్కుల ప్రశ్నకు ఇది సరిపోవచ్చు. దీన్ని నిర్వచనంగా స్వీకరించవచ్చునా?

ముందుగా దీని బలాన్ని గుర్తిద్దాం. ప్రష్యా సైన్యంలో గుర్రాల తన్నులకు మరణించిన సైనికుల లెక్కలను 1898లో బోర్ట్‌కీవిచ్ ప్రచురించారు. అందులో 10 దళాలకు 20 ఏళ్లలో మొత్తం 200 నమోదులున్నాయి. 109 నమోదుల్లో ఒక్క మరణమూ లేదు. 65 నమోదుల్లో ఒకటి, 22లో రెండు, 3లో మూడు, ఒకదానిలో నాలుగు మరణాలున్నాయి. సగటు 0.61. ఈ సగటుతో పాయిజాన్ విభాజనం సున్నా మరణాలకు ఇచ్చే సంభావ్యత సుమారు 0.543, అంటే 200లో దాదాపు 109. ఇక్కడ ఒక్కొక్క విలువకు విడిగా సంభావ్యత ఉంది. లెక్కపెట్టాం, విచ్ఛిన్నమే అయింది.

ఇక లోపాలు చూద్దాం. రెండు పాచికలను దొర్లించి, పడిన అంకెల సగటు తీసుకోండి. విలువలు 1, 1.5, 2, ... 6. దశాంశాలున్నా ఇది విచ్ఛిన్నమే. మరోవైపు, మనిషి ఎత్తును 162, 163 సెంటీమీటర్లని సవరించి రాసుకుంటాం. అంతమాత్రాన ఎత్తు విచ్ఛిన్న చలరాశి కాదు. అంకెల రూపాన్ని చూస్తే స్వభావం తెలియదన్నమాట.

అసలు గీటురాయి సంభావ్యత. విచ్ఛిన్న చలరాశిలో సంభావ్యత విడివిడి బిందువుల వద్ద ఉంటుంది. వాటన్నిటినీ కూడితే 1 వస్తుంది. అవిచ్ఛిన్న చలరాశిలో ఏ ఒక్క బిందువు వద్దనైనా సంభావ్యత సున్నా. సాంద్రతా వక్రం కింది వైశాల్యమే ఒక అంతరానికి సంభావ్యత. ‘ఎత్తు 162’ అన్నప్పుడు మన ఉద్దేశం 161.5 నుంచి 162.5 వరకు గల అంతరం. కచ్చితంగా 162కు సంభావ్యత సున్నా. అయినా అది అసంభవం కాదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు రోజువారీ వర్షపాతంతో వస్తుంది. మిల్లీమీటర్లలో కొలుస్తాం కనుక సూత్రం ప్రకారం అది అవిచ్ఛిన్నం కావాలి. కానీ అనంతపురం వంటి మెట్ట ప్రాంతంలో వాన పడని రోజులే ఎక్కువ. సున్నా అనే ఒక్క విలువ వద్దే ఎంతో సంభావ్యత పోగై ఉంటుంది. మిగిలినది ధన విలువలపై పరచుకుని ఉంటుంది. ఇది మిశ్రమ చలరాశి. దీనికి సాంద్రతా వక్రాన్ని మాత్రమే వాడితే, వాన పడని రోజుకు సంభావ్యత సున్నా అని వస్తుంది. విత్తనం వేయబోయే రైతుకు అన్నిటికంటే అవసరమైన సంఖ్యే తప్పవుతుంది.

కాబట్టి ఈ సూత్రాన్ని గుర్తుంచుకోండి, దానితోనే ఆగిపోకండి. కొత్త చలరాశి ఎదురైతే ‘ఇది లెక్కా, కొలతా?’ అన్న తరువాత ‘ఏదైనా ఒక్క విలువకు ధన సంభావ్యత ఉందా?’ అని కూడా అడగండి. కూడాలా, సమాకలనం చేయాలా, రెండూ చేయాలా అన్నది అప్పుడే తేలుతుంది.