శిలయు శ్లోకమును

అమరావతి మహాచైత్యములో నేడు కృష్ణాతీరమున మిగిలినది పీఠభాగము మాత్రమే. దానిని అలంకరించిన పల్నాటి సున్నపురాతి ఫలకములు దేశదేశములకు చెదరిపోయినవి. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన శిలలు మొదట చెన్నపట్టణమునకు చేరినవి. వానిలో పెద్దభాగము తరువాత లండనునకు తరలిపోయినది. చోటు కోల్పోయిన శిలకు ప్రదర్శనశాలలో నీడ దొరకును గాని, మాట దొరకుట దుర్లభము. ఆ మాటను సమకూర్చుటయే కలంబూరు శివరామమూర్తిగారి జీవితకార్యము.

1909లో జన్మించిన శివరామమూర్తిగారు సంస్కృత విద్వాంసులు, రేఖాచిత్రణమునందును సిద్ధహస్తులు. చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియములోను, కలకత్తాలోని ఇండియన్ మ్యూజియములోను పురావస్తుశాఖలను నిర్వహించి, తుదకు ఢిల్లీ జాతీయ మ్యూజియమునకు డైరెక్టరైరి. 1983లో కీర్తిశేషులైరి.

ఆయన యశస్సునకు పునాది 1942లో వెలువడిన అమరావతి శిల్పగ్రంథము. అంతకుముందు పండితులు ఫలకములందలి కథలను గుర్తించుటతో తృప్తిపడుచుండిరి. శివరామమూర్తిగారు కథను దాటి జీవితమును చూచిరి. మేఖల, కేయూరము, కుండలము, రథము, వీణ, ఆసనము—ఒక్కొక్కదానిని స్వయముగా గీసి, వర్గీకరించి, కాళిదాస బాణాదుల ప్రయోగములతో సరిపోల్చిరి. నిఘంటువులో నిద్రించుచున్న పదమునకు రూపమును, రాతిలో మూగవోయిన రూపమునకు పేరును ఒకేసారి లభించినవి.

అయినను ఈ పద్ధతికి ఒక హద్దు కలదు. అమరావతి శిల్పము పరిపక్వమైనది క్రీస్తుశకము 2వ శతాబ్దమున. కాళిదాసును పండితులు సాధారణముగా 4, 5 శతాబ్దములవానిగా ఎంతురు. కావున కవివాక్యము శిల్పికి ఆధారము కాజాలదు. ఇరువురకును సమానమైన సంప్రదాయమునకు సాక్ష్యము మాత్రమే కాగలదు. ఈ భేదమును మరచినచో శిల్పము కావ్యమునకు బొమ్మలపుస్తకమగును. నలగిరి గజమును బుద్ధుడు లొంగదీసిన దృశ్యము గల వర్తులఫలకమును చూడుడు. మదించి జనులపై బడిన ఏనుగే, అదే ఫలకమున, మోకరిల్లి కన్పట్టును. మేడల కిటికీలనుండి జనులు తొంగిచూచుచుందురు. భయము శాంతిగా మారిన ఆ క్షణమును శిల్పి ఏ శ్లోకముయొక్క సాయమును లేకయే చెప్పెను.

మరియొకటి. పూర్ణఘటము చెక్కిన ఒక ఫలకమును సమర్పించినవాడు విధికుడను చర్మకారుడు. అతని దానశాసనము ప్రాకృతమున కలదు. రాజాస్థాన కావ్యములలో అట్టివానికి చోటు స్వల్పము. చైత్యమున మాత్రము అతని పేరు నిలిచినది. అమరావతిని కావ్యములతోడనే చదువువారికి విధికుడు కన్పడడు. అయితే దానశాసనములనుగూడ తన గ్రంథమున చేర్చి, తన పద్ధతికి కావలసిన సవరణను శివరామమూర్తిగారే మన చేతికిచ్చిరి. ఇది ఆయన నిజాయితీకి గుర్తు.

1974లో ప్రకటితమైన నటరాజ గ్రంథమున ఈ సందేహమునకు తావు తక్కువ. అచట స్తోత్రము, ఆగమము, కంచువిగ్రహము ఒకే భక్తిలో పెరిగినవి. శ్లోకము శిల్పమునకు సహోదరి. కనుకనే ఆ గ్రంథమున ఆయన పాండిత్యము సంపూర్ణముగా ఫలించినది. అమరావతిలో అది సగము దారి వరకే తీసికొనిపోవును. మిగిలిన దారిని విధికునివంటి దాతల శాసనముల వెలుగులో నడువవలెను. ఆ శాసనములను అందించినవారును శివరామమూర్తిగారే యగుట ఆ గ్రంథముయొక్క అసలైన గొప్పతనము.