వలస కుటుంబాల కథల్లో పాత్రల పేర్లు: నామౌచిత్య పరిశీలన

క్షేమేంద్రుడు 'ఔచిత్యవిచారచర్చ'లో ఔచిత్యస్థానాలను పేర్కొంటూ పేరుకు కూడా అందులో చోటిచ్చాడు. చేసే పనికి తగిన పేరును కవి ఎన్నుకోవాలన్నది ఆయన నామౌచిత్య భావన సారం. దేశ, కాల, కులాలను ఆయన వేరే స్థానాలుగా లెక్కించాడు. వలస వెళ్ళిన ఆసియా కుటుంబాల గురించి కథ రాసేటప్పుడు ఈ నాలుగింటినీ విడదీసి చూడటం సాధ్యం కాదు. అక్కడ పాత్ర పేరే దాని దేశాన్నీ కాలాన్నీ కులాన్నీ చెబుతుంది. పేర్ల జాబితా నుంచి ఏరుకున్న పేరు ఆ భాషలో ఉన్నదే కావచ్చు గాని, ఆ కుటుంబానిది కాకపోవచ్చు.

చీనా అమెరికన్ల విషయంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. చైనా ప్రభుత్వం పిన్‌యిన్ లిప్యంతరీకరణను ఆమోదించింది 1958లో. అంతకు చాలా ముందే అమెరికా చేరినవారిలో అత్యధికులు గ్వాంగ్‌డాంగ్ ప్రాంతీయులు. వారి ఇంటిపేర్లు ప్రాంతీయ ఉచ్చారణను అనుసరించి రోమన్ లిపిలోకి వెళ్ళాయి. ఒకే అక్షరం బీజింగ్ నుంచి నిన్న వచ్చిన విద్యార్థి పేరులో 'చెన్', శాన్‌ఫ్రాన్సిస్కోలో నాలుగు తరాలుగా ఉన్న కుటుంబంలో 'చాన్' అవుతుంది. రైలుమార్గం పనికి వెళ్ళిన ముత్తాత వారసునికి పిన్‌యిన్ వర్ణక్రమంతో ఇంటిపేరు పెట్టిన రచయిత, తెలియకుండానే ఆ కుటుంబపు నూరేళ్ళ చరిత్రను చెరిపివేస్తాడు.

దీనిలో మరో మెలిక ఉంది. 1882 నాటి చీనీయుల బహిష్కరణ చట్టం 1943 దాకా అమలులో ఉంది. 1906 భూకంపంలో, దాని వెంట వచ్చిన అగ్నిప్రమాదంలో శాన్‌ఫ్రాన్సిస్కో జనన రికార్డులు కాలిపోయాయి. అక్కడే పుట్టామని చెప్పుకోవడానికి, లేని కొడుకులను కాగితాల మీద చూపడానికి అది వీలు కల్పించింది. ఆ కాగితాలు కొనుక్కుని వచ్చినవారు 'కాగితపు కొడుకులు'. వారు పరాయి ఇంటిపేరుతోనే బతికారు, పిల్లలకూ దానినే ఇచ్చారు. ఫే మయెన్ ఎన్జీ నవల 'బోన్' (1993)లోని లియాన్ అటువంటివాడే. అతని విషయంలో అబద్ధపు పేరే ప్రామాణికమైన పేరు. 'అసలైన ఆసియా పేరు' కోసం వెతికే రచయితకు ఈ సంగతి ఏ జాబితాలోనూ దొరకదు.

ఎమీ టాన్ 'ద జాయ్ లక్ క్లబ్' (1989)లో ఒక కూతురి పేరు వేవర్లీ. వారు కాపురముంటున్న చైనాటౌన్ వీధి పేరునే తల్లి పెట్టింది. అచ్చమైన చీనా పేరు ఈ తల్లి ఆశను ఇంత బాగా చెప్పలేదు. అదే నవలలో సుయువాన్ అన్న పేరు ఒక విధంగా రాస్తే చిరకాల వాంఛ, మరో విధంగా రాస్తే చిరకాల పగ అని తండ్రి వివరిస్తాడు. ధ్వని మాత్రమే చూసి పేరు పెట్టే రచయితకు ఈ ద్వంద్వార్థం అందదు.

మన పాఠకులకు ఎక్కువ పరిచయమున్న నవల ఝుంపా లాహిరి 'ద నేమ్‌సేక్' (2003). బెంగాలీలకు ఇంట్లో పిలిచే డాక్‌నామ్, లోకానికి చెప్పే భాలోనామ్ అని రెండు పేర్లు. బిడ్డ తల్లికి అమ్మమ్మ అయిన ఆమె పంపిన మంచి పేరు ఉన్న ఉత్తరం చేరలేదు. పేరు లేనిదే ఆసుపత్రివారు బిడ్డను ఇంటికి పంపరు. ఆ విధంగా గొగోల్ అన్న పిలుపు పేరు జననపత్రంలోకి ఎక్కింది. నవల బలం ఇక్కడే ఉంది: ఇంటి ఆచారానికీ ఆఫీసు ఫారానికీ మధ్య జరిగిన ఘర్షణే కథావస్తువయింది. అయితే తరువాతి అధ్యాయాల్లో గొగోల్ పేరు మీద రచయిత్రి మోయలేనంత ప్రతీకభారం మోపిందని నా అభిప్రాయం. అనుభవం నేర్పిన పాఠంతో రెండో బిడ్డకు తల్లిదండ్రులు ఒకే పేరు, సోనాలి, పెడతారు. అది క్రమంగా సోనియా అవుతుంది. కొద్ది వాక్యాల్లో ముగిసిన ఈ మార్పే నాకు ఎక్కువ సహజంగా తోచింది.

ఈ పిలుపు పేరు సంగతి తెలుగువారికి కొత్త కాదు. తాత పేరు మనుమడికి పెట్టినపుడు, మామగారి పేరు నోట పలకకూడదు కనుక కోడలు బిడ్డను చిన్నా అనో బుజ్జి అనో పిలుస్తుంది. ఇంటిపేరు ముందుండే మన పద్ధతి విదేశీ ఫారంలో తలకిందులై, అసలు పేరు చివరికి పోయి, తోటి ఉద్యోగులు తండ్రి ఇచ్చిన పేరును ఇంటిపేరుగా పిలవడమూ మామూలే. 1860లో మొదలైన ఒప్పందకూలీల వలసతో నాటాల్ చేరిన 'నాయుడు' అక్కడ 'నాయిడూ' అయి వంశనామంగా స్థిరపడ్డాడు.

ఇంత సామగ్రి ఉన్నా, నేను చదివిన తెలుగు డయాస్పోరా కథల్లో చాలావాటిలో పాత్రలు రవి, సుధ, కిరణ్‌లే. ఇంటిపేరు లేదు, ఊరు లేదు, కులం లేదు. ఇది సంస్కారమని వాదించవచ్చు. కాని పేరులోంచి కులాన్ని తీసివేసినా కథలోని ఆహారం, పెళ్ళి, పూజల్లో అది మిగిలే ఉంటుంది. కనపడకుండా పోయేది ఆ పేర్లు లేనివాళ్ళే. పుట్టిన బిడ్డలు దక్కక, మృత్యువు కన్ను పడకుండా పెంటయ్య అనో పుల్లయ్య అనో పేరు పెట్టుకున్న ఇళ్ళు తెలుగునాట ఎన్నో ఉన్నాయి. అటువంటి ఇంటి నుంచి గల్ఫ్‌కో డల్లాస్‌కో వెళ్ళిన కొడుకు పాస్‌పోర్టులో తండ్రి పేరు గడిలో ఏమి ఉంటుంది? వీసా అధికారి దానిని ఎలా పలుకుతాడు, తన కొడుకు అడిగితే ఆ పేరుకు అర్థం ఏమని చెబుతాడు? ఈ కథ రాయాలంటే, ఆ తండ్రిని పెంటయ్య అనే పిలవాలి.