నీటిచక్రం మోత

ఈజిప్టులో అస్వాన్ వెళ్ళినవాళ్ళని పడవెక్కించి చూపించే ఊరొకటుంది. పేరు గర్బ్ సొహైల్. నైలునది పడమటి ఒడ్డున నూబియన్ల ఊరు. నీలం గోడలు, పసుపు గోడలు, వాటిమీద బొమ్మలు. కొన్ని ఇళ్ళల్లో తొట్టిలో మొసలిపిల్ల కూడా వుంటుంది. కూర్చోబెట్టి ఎర్రటి కర్కదే ఇస్తారు. అది మన గోంగూర జాతి మొక్క పూలతో కాచిందే లెండి. పూట గడవకుండానే సంప్రదాయాన్ని చూసేశామని తృప్తిపడి పడవెక్కేస్తారు.

చూడ్డం చూశారు, సరే. విన్నారా?

వినదలచినవాళ్ళకి హంజా ఎల్ దీన్ 1971లో ఇచ్చిన రికార్డు ఒకటుంది. పేరు ‘ఎస్కలే’, అంటే నీటిచక్రం. పేరుపాట ఇరవై నిమిషాల పైమాటే. మొదటిసారి విన్నప్పుడు, నిజం చెప్పొద్దూ, నాకు విసుగేసింది. ఒకే వరస తిరిగి తిరిగి వస్తుంది. ఎద్దులు చక్రం తిప్పుతుంటే వెనక కూర్చున్న కుర్రాడికి వినిపించే మోత అదని తెలిశాక మళ్ళీ విన్నాను. మోటబావి గిలక కిర్రుమనడం విన్న చెవికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. వచ్చిన వరసే వస్తుంది గానీ, వచ్చిన ప్రతిసారీ రవ్వంత మారి వస్తుంది. ఆ విసుగూ, ఆ మగతా పాటలో భాగమే.

హంజా 1929లో తోష్కా అనే ఊళ్ళో పుట్టారు. ఇంజనీరింగు చదివి కైరోలో రైల్వేలో పనిచేశారు. అస్వాన్‌లో పెద్ద ఆనకట్ట వస్తోందని తెలిసి, గాడిదనెక్కి ఊరూరా తిరిగి, జరగబోయేది చెబుతూ పాటలు పోగుచేశారు. 1963-64లో ఈజిప్టు వైపు నూబియన్లు సుమారు 50,000 మందిని నైలుకి దూరంగా, కోం ఒంబో దగ్గరికి తరలించారు. తోష్కా మునిగిపోయింది. అబూ సింబెల్ గుళ్ళని మాత్రం 1968 నాటికి కోసి, పైకెత్తి నిలబెట్టారు. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. నాగార్జునకొండ శిల్పాలు కొండమీదికి చేరిన సంగతి మనకీ గుర్తే. మరి కింద మునిగిన ఊళ్ళ పేర్లు ఎన్ని గుర్తున్నాయి?

హంజా మీద ఓ ఆక్షేపణ వుంది. ఆయన వాయించిన ఊద్ నూబియన్ల పాత వాయిద్యం కాదు. వాళ్ళది తార్ అనే డప్పు, చప్పట్లు. ఊద్ ఆయన కైరోలో నేర్చుకున్నది. నిజమే. అయితేనేం? చేతిలోది అరువు వాయిద్యమైనా, మోగింది తోష్కా. పాతదాన్ని చెక్కుచెదరకుండా దాచడమే సంప్రదాయమైతే, అది మ్యూజియంకి చెల్లుతుంది గానీ మనిషికి చెల్లదు.

అలాగని గర్బ్ సొహైల్ వాళ్ళని తప్పుపట్టను. మునిగిన పొలం అన్నం పెట్టదు కదా, గోడకి రంగేసుకుని బతుకుతున్నారు. తప్పల్లా, రంగు చూసి ఊరంతా చూశామనుకునే మనది. ఈసారి అటు వెళ్ళేవాళ్ళు ముందుగా ఆ ఇరవై నిమిషాలూ వినండి. కర్కదే తాగుతూ ‘అమ్మా, మీ పెద్దలది ఏ ఊరు?’ అని అడగాలని అప్పుడు మీకే తోస్తుంది.